హెన్రీ ఆల్డ్రిచ్ బడి కష్టాలు: మా అబ్బాయితో కలిసి ఎక్కడ మొదలుపెట్టాలి?

న్యూజెర్సీ నాన్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. బడి నుంచి ఫిర్యాదు వచ్చిన రోజున మా మధ్య మాటలుండవు. కారులో ఇద్దరం కలిసి, హెన్రీ ఆల్డ్రిచ్ అనే బడి కుర్రవాడి కథగా సాగే పాత అమెరికన్ రేడియో హాస్య ధారావాహిక 'ది ఆల్డ్రిచ్ ఫ్యామిలీ' విందామనుకుంటున్నాను. ఏ సంవత్సరపు భాగాలతో మొదలుపెట్టాలి? 1940ల నాటి బడి సంగతులు వాడికి అందుతాయా?

పాతరేడియో: హెన్రీగా పలికిన నటుడు ఎజ్రా స్టోన్ 1942లో సైన్యానికి వెళ్లకముందు చేసినవే వినండి. తల్లి "హెన్రీ! హెన్రీ ఆల్డ్రిచ్!" అని సాగదీసి పిలవగానే, "వస్తున్నానమ్మా!" అంటూ మధ్యలో విరిగే ఆ గొంతు మరెవరికీ పట్టుబడలేదు.

గుంటూరు శ్రోత: ఇది అభిమానమే గాని న్యాయం కాదు. 1939 జులైలో ఈ ధారావాహిక సొంతంగా మొదలయ్యేనాటికే స్టోన్‌కు 21 ఏళ్లు. ఆయన సైన్యంలో ఉండగా కొంతకాలం హెన్రీగా పలికిన డికీ జోన్స్ 1927లో పుట్టినవాడు, నిజంగా బడి వయసువాడు. పిల్లవాడి బాధను పిల్లవాడి గొంతులో వినాలనుకోవడం తప్పా?

మైకు ముందు 20 ఏళ్లు: తప్పే. నేను రేడియో నాటకాలలో 20 ఏళ్లు నటించాను కాబట్టి చెబుతున్నాను. ప్రత్యక్ష ప్రసారంలో గొంతు రచయిత కోరిన మాట దగ్గరే విరగాలి. నిజంగా గొంతు మారుతున్న కుర్రవాడికి అది ఎక్కడ పడితే అక్కడ విరుగుతుంది. స్టోన్ ఈ పాత్రను 1938లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే రంగస్థలం మీద సాధన చేసి తెచ్చుకున్నాడు.

గుంటూరు శ్రోత: మీ అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ వినేవారికి చెవులు లేవన్నట్టు మాట్లాడకండి. జోన్స్ చేసిన ఒక్క భాగమైనా విన్నారా?

మైకు ముందు 20 ఏళ్లు: విన్నాను కాబట్టే అన్నాను.

ఉపాధ్యాయుడి కూతురు: గొంతు సంగతి పక్కన పెట్టండి. క్లిఫర్డ్ గోల్డ్‌స్మిత్ రాసిన మూల నాటకం 'వాట్ ఎ లైఫ్' మొత్తం ప్రిన్సిపాల్ గదిలోనే నడుస్తుంది. తండ్రి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చదివాడు కాబట్టి కొడుకూ అక్కడే చదవాలన్న ఒత్తిడి హెన్రీ మీద ఉంటుంది. మా నాన్నగారు నేను చదివిన బడిలోనే లెక్కలు చెప్పేవారు. నా ప్రతి మార్కునూ ఆయన పాత మార్కుల పక్కన పెట్టి చూసిన ఇంట్లో పెరిగాను గనుక, అందరూ నవ్వే ఆ చోట నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. నాన్నగారూ, మీ అబ్బాయి దగ్గర మీ మార్కుల ప్రస్తావన మాత్రం తేకండి.

పాతరేడియో: తండ్రి పాత్రధారి హౌస్ జేమ్సన్‌ను ఎవరూ తలచుకోరేం? 1949 నుంచి 1953 వరకు టెలివిజన్‌లో ఐదుగురు హెన్రీలు మారినా తండ్రి ఆయనే.

గుంటూరు శ్రోత: టెలివిజన్ సంగతి ఎవరడిగారు? నా ప్రశ్నకు జవాబు రాలేదు.

న్యూజెర్సీ నాన్న: నిన్న సాయంత్రం ఒక భాగం విన్నాము. మధ్యలో జెల్లో అనే తీపి జెల్లీ ప్రకటన వచ్చినప్పుడు ఆపేస్తాడనుకున్నాను, ఆపలేదు. హెన్రీ కంటే స్నేహితుడు హోమరే వాడికి నచ్చాడు. "వీడు మా క్లాసులో ఉన్నాడు" అన్నాడు. చాలా రోజుల తరువాత తన బడి గురించి తానుగా అన్న మాట అది. శనివారం మళ్లీ ప్రయాణముంది, హోమర్ ఎక్కువసేపు మాట్లాడే భాగం ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.