చెల్క దుమ్ములో సైకిల్ చైన్‌కి ఆయిలా, మైనమా?

ఒలింపిక్ దూరం ట్రయాథ్లాన్ (1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిల్, 10 కి.మీ. పరుగు) కోసం నల్గొండ–దేవరకొండ రోడ్డు మీద ప్రాక్టీసు. 11 స్పీడ్ చైన్, వేస్తున్నది వెట్ ల్యూబ్ (తడికి తట్టుకునే జిగట ఆయిల్). వారం తిరక్కుండానే డీరైలర్ (గేర్లు మార్చే భాగం) చక్రాల మీద నల్లటి ముద్ద, తొక్కుతుంటే గరగర. జిగట ఆయిల్‌కి చెల్క దుమ్ము అంటుకుని పిన్నుకూ రోలర్‌కూ మధ్య ఆకురాయిలా గీస్తుంది. గుడ్డతో తుడిస్తే పై ప్లేట్లు మెరుస్తాయి, లోపలి ఇసుక అక్కడే.

ఇప్పటి పద్ధతి: క్విక్ లింక్ (చైన్‌ని విప్పి తగిలించే లింకు) విప్పి, సీసాలో చైన్ మునిగేంత డీజిల్ పోసి గిలకొట్టడం, డీజిల్ నల్లబడటం ఆగేదాకా మార్చడం, సర్ఫ్ నీళ్లతో కడిగి ఆరబెట్టి రోలర్‌కి ఒక్క చుక్క, కాసేపాగి పైదంతా తుడవడం. చైన్ అరుగుదల కొలిచే గేజ్‌లో 0.5 (శాతం) వైపు ఇంకా దిగట్లేదు, కాబట్టి చైన్ మార్చే పని లేదు.

పారఫిన్ మైనానికి మారాలని ఉంది. డీజిల్ జిడ్డు మిగిలితే మైనం పట్టదు. చివరగా థిన్నర్‌తో కడగాలా, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలా? కరిగించిన మైనంలో బుడగలు ఆగేదాకా ముంచితే సరేనా? మే ఎండలో మెత్తబడి దుమ్ము పడుతుందా? అసలు భయం వానాకాలమే: ఒక్కసారి తడిస్తే వెంటనే మళ్లీ ముంచాలా, పైన డ్రిప్ వ్యాక్స్ (చుక్కలుగా వేసే ద్రవ మైనం) వేస్తే నడుస్తదా? ఇక్కడి రోడ్ల మీద వాడినవాళ్లు ఎన్ని కిలోమీటర్లకు ముంచుతున్నారో చెప్పండి.