కర్రీ పాయింట్ కూర, ఇంట్లో వండిన అన్నం: దీన్ని ఇంటి భోజనం అనవచ్చునా?

కూకట్‌పల్లి ఉద్యోగిని (చర్చ ప్రారంభం)

మేమిద్దరం ఉద్యోగస్తులం. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. మూడో తరగతి చదివే మా పాప అప్పటికే ఆకలితో ఉంటుంది. రెండేళ్లుగా అన్నం మాత్రం ఎలక్ట్రిక్ కుక్కర్‌లో వండుకొని, వీధి చివరి కర్రీ పాయింట్ నుంచి ఒక వేపుడు, పప్పు, సాంబారు తెచ్చుకుంటున్నాము. ఇటీవల పది రోజులు ఉండి వెళ్లిన మా అత్తయ్యగారు, "పొయ్యి ఉన్న ఇంట్లో పప్పు కూడా కొంటారా అమ్మా?" అని అడిగారు. ఆమె కోపంతో అనలేదు, అయినా ఆ మాట నన్ను వదలడం లేదు. తర్వాతి ఆదివారం ఆరు గంటలు నిలబడి అయిదు రోజులకు సరిపడా కూరలు వండి ఫ్రిజ్‌లో పెట్టాను. బుధవారానికి బెండకాయ వేపుడు మెత్తబడి జిగురెక్కింది, పాప ముట్టలేదు. రోజూ వండడం, వారానికొకసారి వండి దాచుకోవడం, కొనుక్కోవడం అనే ఈ మూడింటిలో మావంటి ఇళ్లకు ఏది తగినదో పెద్దలు, అనుభవజ్ఞులు చెప్పగలరు.

గుంటూరు విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, మీ అత్తగారి మాటలో న్యాయముందని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు చాలునంటుంది. బయటి కూరలో ఎంత ఉప్పు పడిందో, ఆ నూనె ఎన్నిసార్లు కాగిందో కొనేవారికి తెలిసే మార్గం లేదు. పైగా మరుగుతున్న సాంబారును పలచని ప్లాస్టిక్ కవరులో పోసి ముడివేసి ఇస్తారు. మా ఇంట్లో నలభై ఏళ్లుగా రెండు పూటలా పొయ్యి వెలుగుతోంది, బయటి కూర గడప దాటి లోనికి రాలేదు. మనసుంటే సమయం దొరుకుతుంది.

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు

మాస్టారూ, ఆ నలభై ఏళ్లూ పొయ్యి వెలిగించింది ఎవరో కూడా చెప్పి ఉంటే బాగుండేది. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. సమయం దొరుకుతుందని చెప్పే ముందు అది ఎవరి సమయమో తేల్చుకోవాలి. అత్తగారి ప్రశ్న కూడా కోడలికే వచ్చింది, కొడుక్కి రాలేదు.

బెంగళూరులో ఉంటున్న రాజమండ్రి వాసి

మా ఇంట్లో రాత్రి వంట నాలుగేళ్లుగా నాది, ఎందుకంటే నా భార్యకు ఆసుపత్రిలో సాయంత్రం డ్యూటీ. ఆ అనుభవంతో చెబుతున్నాను: ప్రశ్న అడిగిన సోదరిగారు మూడు దారులు చెప్పారు గానీ, మూడింటిలోనూ పూటకు పప్పు, వేపుడు, పులుసు ఉండి తీరాలన్న లెక్క మాత్రం అలాగే ఉంది. మనల్ని అలసటకు గురిచేసేది ఆ లెక్కే. అన్నం, ఒక పప్పుకూర, ఒక పచ్చి కూరగాయ, పెరుగు ఉంటే పూట గడవడమే కాదు, అది నిండైన భోజనమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నా పద్ధతి ఇది. ఇంటికి రాగానే గ్లాసు కందిపప్పు కడిగి వేడినీళ్లలో నానబెట్టి, బట్టలు మార్చుకొని వచ్చి తోటకూరో పాలకూరో తరుగుతాను. కుక్కర్‌లో కింది గిన్నెలో పప్పు, ఆకుకూర, పచ్చిమిర్చి, పసుపు. పై గిన్నెలో బియ్యం. ఆవిరి దిగేలోపు కీరాదోస, ఉల్లిపాయ తరిగి పెరుగులో కలిపి, చిన్న మూకుడులో రెండు చెంచాల నూనెతో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు పోపు వేస్తాను. మొత్తం నలభై అయిదు నిమిషాలు పట్టినా, అందులో నేను పొయ్యి దగ్గర నిలబడేది పదిహేను నిమిషాలకు మించదు. మిగతా సమయంలో మా అబ్బాయి చేత ఎక్కాలు చెప్పిస్తాను. ఒక్క జాగ్రత్త: చింతపండు, గోంగూర, చుక్కకూర వంటి పుల్లనివి పప్పుతో కలిపి ఉడికిస్తే పప్పు త్వరగా మెదగదు, కనుక పులుపును విడిగా ఉడికించి తర్వాత కలపాలి. నేను మొదటి నెలంతా ఈ సంగతి తెలియక కుక్కర్‌ను తప్పుపట్టాను.

ఎండాకాలంలో పప్పు చేయబుద్ధి కాని రోజున పచ్చిపులుసు ఉంది: చింతపండు రసంలో ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, చిటికెడు బెల్లం కలిపి పోపు పెడితే చాలు, ఉడికించవలసింది ఏమీ లేదు. పక్కన ఒక కోడిగుడ్డు అట్టు వేస్తే పిల్లలకు సరిపోతుంది.

ఆదివారం నేనూ రెండు గంటలు పని చేస్తాను, కానీ కూరలు వండను. కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర దోరగా వేయించి, వెల్లుల్లి, ఉప్పు చేర్చి కందిపొడి కొట్టిపెడతాను. ఇడ్లీపిండి రుబ్బడం, వెల్లుల్లి వలవడం, ఆకుకూర బాగుచేసి పొడి గుడ్డలో చుట్టి పెట్టడం కూడా ఆ పూటే అయిపోతాయి. వారం మధ్యలో మనల్ని కర్రీ పాయింట్ వైపు నడిపించేది వండడం కంటే ముందుండే ఈ పనేనని నా అనుభవం.

పోషకాహార విభాగంలో పనిచేసే సభ్యురాలు, విశాఖపట్నం

పై సభ్యుని పద్ధతిలో నాకు నచ్చినది ఆకుకూర, పచ్చి కూరగాయ రెండూ ఉండడం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కంచంలో సగభాగం కూరగాయలు, పండ్లతో నిండాలని చెబుతున్నాయి. మన అలవాటు మాత్రం అన్నం కుప్పగా పెట్టుకొని కూరను నంజుకోవడం. ఆ పప్పుకూరపై చివర్లో నిమ్మరసం పిండితే ఆకులోని ఇనుము ఒంటికి మరింతగా పడుతుంది.

దాచుకోవడం గురించి ఒక హెచ్చరిక. వండిన పదార్థం గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. అన్నం విషయంలో మరింత జాగ్రత్త కావాలి: బియ్యంలో ఉండగల బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు, బయట వదిలేసిన అన్నంలో అవి పెరిగి విడుదల చేసే ఒక విషం మళ్లీ వేడిచేసినా పోదు. చద్దన్నం తినలేదా అని అడిగేవారికి నా మనవి: మజ్జిగ కలిపి పులియబెట్టిన అన్నం వేరు, మూతపెట్టి మరచిపోయిన అన్నం వేరు.

విజయవాడలో కర్రీ పాయింట్ నడుపుతున్న మహిళ

పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను కనుక నా మాట కూడా వినండి. మా దగ్గరకు వచ్చేవారిలో గదులు అద్దెకు తీసుకొని చదువుకునే పిల్లలు, భార్యను కోల్పోయిన పెద్దవారు, మోకాళ్లు నొప్పులతో నిలబడలేని అమ్మలు ఎందరో ఉన్నారు. వారికి మేము లేకపోతే రెండు పూటలూ బిస్కెట్లే. మాస్టారు ప్లాస్టిక్ గురించి చెప్పినది నిజం. అందుకే స్టీలు గిన్నె తెచ్చుకునేవారికి నేను ఒక గరిటె ఎక్కువే వేస్తాను. నూనె కూడా ఇంటికంటే ఎక్కువే పడుతుంది, ఎందుకంటే పదకొండింటికి వండిన వేపుడు రెండింటి దాకా ఎండిపోకుండా కనిపించాలి, లేకపోతే కొనరు. నాకు చెల్లెలి వంటి ఆ ఉద్యోగినికి నా సలహా: పప్పు, సాంబారు మా దగ్గర కొనకండి, వాటిలో నీళ్ల పాలు ఎక్కువ, ఇంట్లో తేలిక. తరగడానికి, వేయించడానికి గంట పట్టే అరటికాయ వేపుడు, గుత్తివంకాయ వంటివి వారానికి రెండు రోజులు కొనుక్కోండి. నేనూ రాత్రి కొట్టు కట్టేసి ఇంటికి వెళ్లాక చారన్నమే తింటాను.

గుంటూరు విశ్రాంత ఉపాధ్యాయుడు

హనుమకొండ సోదరి ప్రశ్నకు జవాబు: ఆ నలభై ఏళ్లూ వండింది నా భార్య. నేను కూరగాయలు తేవడం తప్ప మరేమీ చేయలేదు. బయటి కూరలోని ఉప్పు, నూనెల గురించి నా అభిప్రాయం మారలేదు, కానీ "మనసుంటే" అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

కూకట్‌పల్లి ఉద్యోగిని

అందరికీ నమస్కారాలు. ఈ సంభాషణ మొత్తం మా వారికి చదివి వినిపించాను. సోమ, బుధ, శుక్రవారాలు కుక్కర్ ఆయనది, మంగళ, గురువారాలు నాది. వేపుడు మాత్రం వారానికి రెండుసార్లు కొంటాము, స్టీలు గిన్నెలోనే. ఒక్క సందేహం మిగిలింది. పప్పు ఒకేసారి రెండు రోజులకు ఉడికించి పెట్టుకోవచ్చునా?

పోషకాహార విభాగంలో పనిచేసే సభ్యురాలు, విశాఖపట్నం

పెట్టుకోవచ్చు. పోపు, పులుపు వేయకముందే సగం తీసి, వెడల్పాటి గిన్నెలో త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచండి. మరునాడు నీళ్లు చేర్చి బాగా మరిగించి, అప్పుడు కొత్తగా పోపు వేయండి. మొదటి రోజు తోటకూర పప్పయితే, రెండో రోజు అదే పప్పులో ముల్లంగి, మునక్కాడ వేసి పప్పుచారు చేసుకోవచ్చు.