అరచెయ్యి తిప్పితే మీడియల్ మారుతుందా? కిడ్నీ ఏ కేవిటీలో?

తెనాలి_నర్సింగ్
బీఎస్సీ నర్సింగ్ ఫస్టియర్, వచ్చే వారం ఎనాటమీ ఇంటర్నల్స్. మూడు డౌట్లు. చెయ్యి బోర్లా తిప్పితే బొటనవేలు లోపలికి వస్తుంది కదా, అప్పుడది మీడియల్ (ఒంటి మధ్యగీత వైపుది) అవుతుందా? కిడ్నీలు ఏ కేవిటీలో (ఒంట్లోని ఏ గదిలో) అని రాయాలి? పొట్ట తొమ్మిది భాగాలు చెయ్యడానికి గీతలు కచ్చితంగా ఎక్కడ గీయాలి?

కొత్తపేట_ఫిజియో
అవ్వదు చెల్లెమ్మా. మనిషి బోర్లా పడుకున్నా, తలకిందులుగా వేలాడినా పేర్లు మారవు. నిటారుగా నిలబడి చూపు, పాదాలు, అరచేతులు ముందుకి పెట్టిన భంగిమే లెక్క. అందులో బొటనవేలు బయటివైపే ఉంటుంది. కాబట్టి ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక రేడియస్ ఎప్పుడూ లేటరల్ (బయటివైపు), చిటికెనవేలి వైపు ఎముక అల్నా ఎప్పుడూ మీడియల్.

పేపర్లో మార్కులు పోయేది ఇక్కడ కాదు, ప్రాక్సిమల్ (మొండేనికి దగ్గర), డిస్టల్ (దూరం) అనే మాటల దగ్గర. "మోకాలు ప్రాక్సిమల్" అని ఒట్టిగా రాస్తే తప్పు. చీలమండకంటే ప్రాక్సిమల్, తుంటికంటే డిస్టల్. దేనితో పోల్చామో రాయాల్సిందే. పాదం దగ్గర ఇంకో మెలిక: పైభాగం డోర్సమ్, అరికాలు ప్లాంటార్. అందుకే పాదాన్ని పైకి లేపితే డోర్సీఫ్లెక్షన్.

గుణదల_స్టాఫ్
డిస్టల్ అంటే గుర్తొచ్చింది, కాన్యులా (రక్తనాళంలోకి మందెక్కించే సన్న గొట్టం) ఎప్పుడూ డిస్టల్ నుంచి మొదలెట్టి ప్రాక్సిమల్‌కి వెళ్లాలి. మోచేతి మడతలో ముందే పొడిచి అది పాడయ్యాక, కింద మణికట్టు దగ్గర వేస్తే, ఎక్కించిన మందు పైనున్న రంధ్రంలోంచి కారి చెయ్యి వాస్తుంది. పైగా మడతలో వేస్తే చెయ్యి మడిచినప్పుడల్లా డ్రిప్ ఆగిపోతుంది. కొత్త పిల్లలు లావుగా కనపడిందని అక్కడే పొడుస్తారు.

సూర్యారావుపేట_ఎక్స్‌రే
అన్నీ చెప్తున్నారు, కుడి ఎడమలు ఎవరూ ఎత్తరు. కుడి అంటే పేషెంటు కుడి, మన కుడి కాదు. ఫిల్ములో పేషెంటు మనకి ఎదురుగా నిలబడినట్టు. సీటీలో కాళ్లవైపునుంచి పైకి చూస్తున్నట్టు, అందుకే లివర్ తెరమీద ఎడమపక్కన పడుతుంది. కుడి (R), ఎడమ (L) చెప్పే మార్కరు ఎక్స్‌పోజరుకి ముందే పెట్టాలి. తర్వాత కంప్యూటర్లో అక్షరం అతికిస్తే, గుండె కుడివైపున్న పేషెంటు వచ్చినరోజు ఫిల్మే తిరగబడిందనుకుని "సరిచేసి" పంపుతారు.

పీఏ (కిరణం వీపునుంచి ముందుకి), ఏపీ (ముందునుంచి వీపుకి) కూడా ఈ పాఠమే. గుండె యాంటీరియర్, అంటే ముందువైపుది. కిరణం వెనకనుంచి వస్తే గుండె డిటెక్టర్‌కి దగ్గరగా ఉండి దాదాపు అసలు సైజులో పడుతుంది. మంచంమీద ఏపీ తీస్తే పెద్దదై కనిపిస్తుంది. దాన్ని చూసి గుండె వాచిందని రాసేవాళ్లకి దణ్ణం.

బ్రాడీపేట_పీజీ
అడిగిన రెండోది వదిలేశారేంటి? కిడ్నీ అబ్డామినల్ కేవిటీలో లేదు. రెట్రోపెరిటోనియల్. అంతే.

గుణదల_స్టాఫ్
అబ్డామెన్‌లో లేకపోతే ఛాతీలో ఉందా డాక్టరు గారూ?

బ్రాడీపేట_పీజీ
రెట్రో అంటే వెనక. కేవిటీకి వెనక. ఇందులో వెటకారం దేనికి మేడమ్?

గుణదల_స్టాఫ్
పెరిటోనియానికి (పొట్టలోపలి పొరకి) వెనక. కేవిటీకి కాదు. పీజీ చేస్తూ ఆ రెండూ కలిపేస్తే ఫస్టియర్ పిల్ల ఏం రాయాలి?

డిసెక్షన్_మాస్టారు
శవాల మధ్య పాఠం చెప్పేవాణ్ణి చెప్తున్నా, ఇద్దరూ ఆగండి. అబ్డామినల్ కేవిటీ అంటే డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య కండర పొర) కింద, గోడల మధ్యనున్న మొత్తం గది. కిడ్నీ ఆ గదిలోనే ఉంది. పెరిటోనియల్ కేవిటీ వేరు: గోడకున్న పొరకీ అవయవాలకున్న పొరకీ మధ్య సన్నటి సందు, మామూలుగా అందులో కాస్త తడి తప్ప ఏమీ ఉండదు. గోడకి ఆనించిన బీరువాకి ముందువైపు మాత్రమే దుప్పటి కప్పినట్టు, కిడ్నీకి పొర ముందే ఉంటుంది. కాబట్టి "అబ్డామినల్ కేవిటీ, రెట్రోపెరిటోనియల్" అని రెండూ రాయి తల్లీ.

వరసగా యురేటర్లు, అడ్రినల్స్, అయోర్టా, ఇన్ఫీరియర్ వీనాకేవా, మొదటి భాగం పోగా డుయోడినమ్, పాంక్రియాస్, అసెండింగ్, డిసెండింగ్ కోలన్ కూడా ఆ జాబితాలోవే.

బ్రాడీపేట_పీజీ
పాంక్రియాస్ తోక రెట్రో కాదు మాస్టారూ. స్ప్లీన్ దగ్గరికెళ్లే లిగమెంటులో ఉంటుంది.

డిసెక్షన్_మాస్టారు
అది ఫస్టియర్ నర్సింగుకి అడగరు.

గుణదల_స్టాఫ్
ఈ తేడా పరీక్షకే కాదు. పొట్టద్వారా చేసే డయాలిసిస్‌లో ద్రవం రెండు లీటర్లు పోసేది ఆ సందులోకే, కిడ్నీ గూట్లోకి కాదు. యాక్సిడెంట్ కేసులో బీపీ పడిపోతూ ఫాస్ట్ స్కాన్ (మంచం దగ్గరే చేసే అల్ట్రాసౌండ్) నెగెటివ్ వస్తే రక్తం లేదని ధీమాగా కూర్చోకూడదు. ఫాస్ట్ వెతికేది పెరిటోనియం సందులోనూ గుండెచుట్టూనూ. వెనక కారితే దానికి సరిగా అందదు. మనిషి నిలకడగా ఉంటే సీటీకే పంపాలి.

కొత్తపేట_ఫిజియో
కిడ్నీ పైకొనలు 11, 12 పక్కటెముకలకి ముందువైపు ఉంటాయి కదా, అక్కడ ప్లూరా (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర) కూడా దిగి ఉంటుంది. వీపులోంచి రాయి తీసేటప్పుడు పైనుంచి సూది పెడితే ఛాతీలోకి గాలి పోయేది అందుకే. గదుల హద్దులు బయటికి కనపడవు. డయాఫ్రమ్ గుమ్మటం ఊపిరి వదిలినప్పుడు కుడివైపు దాదాపు 5వ పక్కటెముకదాకా లేస్తుంది. చనుమొన కింద కత్తిపోటు పడితే ఛాతీ, పొట్ట రెండూ చూడాల్సిందే.

సూర్యారావుపేట_ఎక్స్‌రే
ప్లూరాలో నీరు తీసేటప్పుడు సూది కింది పక్కటెముక పై అంచునే పెట్టాలి. రక్తనాళాలూ నరమూ ఎముక కింది అంచు గాడిలో పోతాయి. ఇక నిలబెట్టి తీసిన పీఏలో ఊపిరితిత్తి కింది మూల మొద్దుబారిందంటే సుమారు 200 మిల్లీలీటర్లు చేరినట్టు. పడుకోబెట్టి తీస్తే అంతకంటే ఎక్కువున్నా వెనకంతా పరుచుకుని మబ్బులా ఉంటుంది, అంతే. అందుకే మార్కరుతోపాటు "సుపైన్" (వెల్లకిలా) అని కూడా రాయండి బాబూ.

తెనాలి_నర్సింగ్
మరి తొమ్మిది భాగాలు?

డిసెక్షన్_మాస్టారు
నిలువు గీతలు రెండు, కాలర్ ఎముక మధ్యనుంచి కిందికి. అడ్డం పైది పక్కటెముకల పంజరం కింది అంచు వెంట, ఎల్3 (నడుము వెన్నులో మూడో పూస) మట్టం. కిందిది రెండు తుంటి ఎముకల ట్యూబర్‌కిల్స్ (ఎముక ఉబ్బులు) కలుపుతూ, ఎల్5 మట్టం. మధ్య వరసలో పైనుంచి ఎపిగ్యాస్ట్రిక్, అంబిలికల్, హైపోగ్యాస్ట్రిక్. పక్కన హైపోకాండ్రియాక్, లంబార్, ఇలియాక్. గీసేటప్పుడు ముందు పేషెంటు కుడి ఎటో కాయితంమీద రాసుకో.

బ్రాడీపేట_పీజీ
పై గీతని ట్రాన్స్‌పైలోరిక్ అని ఎల్1 దగ్గర గీసే పుస్తకాలూ ఉన్నాయి.

డిసెక్షన్_మాస్టారు
ఉన్నాయి. ఏ గీత గీసిందో పక్కన పేరు రాస్తే ఎగ్జామినరు నోరెత్తడు.