మెదడువాపు: ఇన్నేళ్ల మైక్రోగ్లియా పరిశోధన మన పిల్లలకు ఏమిచ్చింది?

కాలువగట్టు:
మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో అనిర్బన్ బసు అనే శాస్త్రవేత్త చేసిన పని గురించి ఈ వారం చదివాను. జపనీస్ ఎన్‌సెఫలైటిస్, అదే మనం మెదడువాపు అనే జేఈ, సోకినప్పుడు మెదడులోని రోగనిరోధక కణాలు ఏం చేస్తాయన్నదాని మీదే ఆయన ఏళ్ల తరబడి పనిచేశారు. మైక్రోగ్లియా అనే ఆ కణాలు వైరస్‌ను చూసి రెచ్చిపోయి వదిలే రసాయనాల వల్ల పక్కనున్న నరాల కణాలు చచ్చిపోతాయని ఆయన బృందం 2007లో చూపింది. మినోసైక్లిన్ అనే పాత యాంటీబయాటిక్ ఇస్తే ఎలుకల్లో ఆ నష్టం తగ్గిందని 2008లో రాసింది.

పని మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా జేఈకి మందు లేదు. పిల్లల్ని కాపాడుతున్నది టీకా. 2006లో చైనా టీకాతో మొదలుపెట్టాం. 2013కి హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ నుంచి జెన్‌వ్యాక్ వచ్చింది, అదీ పక్కనే కోలార్‌లో దొరికిన వైరస్ రకంతో చేసినది. ప్రజల డబ్బు కొంచెమే ఉన్నప్పుడు అది టీకాకీ దోమల నివారణకీ పోవాలా, ఎలుకల మెదళ్ల మీద ప్రయోగాలకు పోవాలా? నా ఓటు మొదటిదానికే.

పిల్లల వార్డు:
టీకా గురించి మీరన్న ప్రతి మాటా ఒప్పుకుంటాను సార్. ఆ రెండు డోసులూ, తొమ్మిదో నెలలో ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో ఇంకొకటి, తప్పకుండా పడాలి. కానీ నా దగ్గరికి వచ్చేది డోసు తప్పిన పిల్ల. లేదా జేఈ టీకా వేసే జిల్లాల జాబితాలో లేని ఊరి పిల్ల.

మూడు రోజులు జ్వరం, పొద్దున వాంతులు, సాయంత్రానికి ఫిట్స్. రాత్రి క్యాజువాల్టీకి తెచ్చేసరికి కళ్లు తెరిచే ఉంటాయి, అమ్మను మాత్రం గుర్తుపట్టదు. ఫిట్స్ ఆగడానికి మిడజోలాం ఇస్తాం. వాపు తగ్గడానికి మానిటాల్, ఆక్సిజన్, షుగర్ చెకింగ్, ముక్కులోంచి పాలగొట్టం. అంతే. వైరస్‌ను చంపే మందు నా ట్రాలీలో ఒక్కటీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మెదడువాపు దాకా వెళ్లినవారిలో 30 శాతం వరకు చనిపోతారు, 30 నుంచి 50 శాతం మందికి శాశ్వత లోపాలు మిగులుతాయి. రివ్యూకి వచ్చినప్పుడు ఏడేళ్ల పిల్ల అమ్మ చంక దిగదు, చెయ్యి బిగుసుకుపోయి బలపం నిలవదు. ఆ పిల్లకు టీకా ఏం చేస్తుంది చెప్పండి? వార్డులో చేరిన తర్వాత పనికొచ్చే మందు ఎవరో ఒకరు వెతకాలి కదా.

కాలువగట్టు:
వెతకొద్దని అనడం లేదు డాక్టర్ గారూ. వెతికారు, దొరకలేదు అంటున్నాను. మెదడులో మంట వల్లే నష్టమైతే మంట తగ్గించే స్టెరాయిడ్ పనిచేయాలి. థాయ్‌లాండ్‌లో 65 మందితో డెక్సామెథసోన్ ట్రయల్ చేశారు, 1992లో ఫలితం వచ్చింది: ప్రయోజనం లేదు. తర్వాత మినోసైక్లిన్. లక్నోలో 281 మందితో చేసిన ట్రయల్ 2016లో వచ్చింది. కాస్త తేడా కనిపించింది కానీ గణాంకాల్లో నిలబడలేదు. ఎలుకల్లో గెలిచి మనుషుల్లో ఓడిన మందులకు లెక్కే లేదు.

ల్యాబ్ బెంచి:
నేను వైరస్, మెదడు కణాల మీదే పనిచేస్తాను, కాబట్టి నాది ఒక పక్షమే అనుకోండి. అయినా ఆ రెండు ట్రయళ్లనూ ఓటమి కింద రాసేయడం నాకు అస్సలు ఒప్పుదల కాదు.

మైక్రోగ్లియా చెడ్డ కణాలు, వాటిని నోరు మూయిస్తే చాలు అనేది సగం నిజమే. కొలరాడోలో ఒక బృందం ఎలుకల మెదడులోంచి మైక్రోగ్లియాను మందుతో దాదాపు తుడిచేసి, ఆ తర్వాత వెస్ట్ నైల్, జేఈ వైరస్‌లు ఎక్కించింది. ఫలితం 2018లో అచ్చయింది. మెదడులో వైరస్ పెరిగింది, ఎలుకలు ఇంకా ఎక్కువ చచ్చిపోయాయి. అంటే మొదటి రోజుల్లో కాపాడేదీ ఈ కణమే, వదిలేస్తే తర్వాత చంపేదీ ఈ కణమే. పొలం కాపలాకు పెట్టిన మంట పంటకు అంటుకున్నట్టు. స్టెరాయిడ్ ఈ తేడా చూడదు, అన్నిటినీ కలిపి అణిచేస్తుంది. థాయ్‌లాండ్ ఫలితాన్ని నేను అర్థం చేసుకున్నది ఇలా.

లక్నో ట్రయల్‌లో చేర్చుకున్నది జేఈ పిల్లల్ని మాత్రమే కాదు. జ్వరంతో స్పృహ తప్పిన ప్రతి కేసూ, ఆసుపత్రి భాషలో ఏఈఎస్, అందులో ఉంది. కారణాలు పది రకాలు. అందులోనూ మొదటి రోజు గడిచి బతికినవారిలో తేడా కాస్త మెరుగ్గా కనిపించింది. ఇంకో చిక్కు ఉంది. మినోసైక్లిన్ టెట్రాసైక్లిన్ జాతి మందు, అది స్క్రబ్ టైఫస్ అనే జ్వరం తెచ్చే బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. గోరఖ్‌పూర్ చుట్టుపక్కల ఏఈఎస్ కేసుల్లో స్క్రబ్ టైఫస్ వాటా చాలా పెద్దదని తర్వాతి పరీక్షల్లో తేలింది. కాబట్టి కనిపించిన ఆ కాస్త లాభం మైక్రోగ్లియాను శాంతింపజేయడం వల్లా, లోపలున్న బ్యాక్టీరియా చావడం వల్లా? ఆ ట్రయల్ చెప్పలేదు. మీరు ఓడిందంటున్నారు. నేను అసలు ప్రశ్న ఇంకా అడగలేదంటున్నాను.

వరంగల్ వాసి:
ఒక్క మాట. ఇక్కడందరూ జేఈ గురించే మాట్లాడుతున్నారు. 2003 వేసవి మరిచిపోయారా? మన జిల్లాల్లో 329 మంది పిల్లలు పడ్డారు, 183 మంది పోయారు. పుణె వైరాలజీ సంస్థ దాన్ని చండీపురా వైరస్ అని తేల్చింది. ఇసుక ఈగతో వస్తుంది. పొద్దున ఆడుకున్న పిల్ల మర్నాటికి లేదు. అది మెదడువాపు కాదు, రక్తనాళాల్లో వచ్చిన బ్రెయిన్ ఎటాక్ అని హైదరాబాద్ డాక్టర్లు కొందరు గట్టిగా వాదించారు, పత్రికల్లో రోజూ అదే. 2024లో అదే వైరస్ గుజరాత్‌లో మళ్లీ పిల్లల్ని తీసుకుపోయింది. దానికి ఈరోజుకీ టీకా లేదు. కాలువగట్టు గారూ, టీకాకే డబ్బంటే ఈ జబ్బుకు ఎక్కడ పెడతారు?

ల్యాబ్ బెంచి:
మంచి మాట గుర్తుచేశారు. చండీపురా నరాల కణాన్ని ఎలా చంపుతుందో, కణం పైనుండే ఫాస్ అనే గ్రాహకం ద్వారా ఆత్మహత్యకు ఎలా తోస్తుందో 2013లో చూపింది కూడా బసు బృందమే. జేఈ కోసం పెట్టుకున్న పద్ధతులూ, నేర్చుకున్న చేతులూ అక్కడ ఉండబట్టే ఆ పని అయింది. జబ్బు వచ్చాక ల్యాబ్ కట్టడం మొదలుపెడితే కుదరదండీ.

కాలువగట్టు:
చండీపురా విషయంలో నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను. జేఈ మీద మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది. ఎలుకకు వైరస్ ఎప్పుడు ఎక్కించారో గంటతో సహా తెలుసు. మన పిల్ల దోమ కాటుకు గురైంది ఏ రోజో ఎవరికీ తెలియదు. మీరే అన్నారు, మొదట్లో కాపాడేదీ తర్వాత చంపేదీ ఒకే కణమని. మరి వార్డుకు వచ్చిన పిల్ల ఏ దశలో ఉందో డాక్టర్ గారికి ఎలా తెలుస్తుంది? అది చెప్పే పరీక్ష లేకుండా ఇంకో మందు, ఇంకో ట్రయల్ అంటే నేను డబ్బు ఇవ్వను.

ల్యాబ్ బెంచి:
నేనూ ఇవ్వను. ముందు కావలసింది ఆ పరీక్షే. పైగా ఇప్పుడు ఏఈఎస్ అనుమానం వస్తే చాలాచోట్ల డాక్సీసైక్లిన్ గానీ అజిత్రోమైసిన్ గానీ ముందే మొదలుపెడుతున్నారు, అది సరైన పనే. అందువల్ల పాత ట్రయల్‌ను ఉన్నదున్నట్టు మళ్లీ చేయడం కుదరదు. చేరిన రోజు, మూడో రోజు, డిశ్చార్జి రోజు రక్తం తీసి, చేరినప్పుడు తీసిన వెన్నునీటితో కలిపి చూడాలి. ఏ రసాయనం ఎప్పుడు పెరుగుతోంది, ఆరు నెలల తర్వాత ఏ పిల్ల నడుస్తోంది, ఈ రెండూ జతచేయాలి. మందు సంగతి ఆ తర్వాత.

పిల్లల వార్డు:
అలాగైతే మా నుంచి అయ్యేది చెబుతాను. చేరిన రోజు నడుములోంచి వెన్నునీరు ఎలాగూ తీస్తాం. ఒక సీసా ఐస్‌బాక్సులో, జేఈ సోకిందో లేదో చెప్పే ఐజీఎం పరీక్షకు వెళ్తుంది. పరీక్ష అయ్యాక మిగిలింది పారబోస్తున్నారు. దాన్ని మైనస్ 80 ఫ్రీజర్‌లో దాచి, పక్కన పిల్ల ఆరు నెలల రివ్యూ రాసిపెట్టే మనిషిని ఒక్కరిని ఇస్తే మేం రేపే మొదలుపెడతాం. జిల్లా ఆసుపత్రుల్లో ఆ ఫ్రీజరూ లేదు, ఆ మనిషీ లేరు. కాలువగట్టు గారూ, మీ లెక్కలో ఈ ఖర్చు టీకా పద్దులో పడుతుందా, ఎలుకల పద్దులో పడుతుందా?

కాలువగట్టు:
ఏ పద్దులోనైనా సరే, దీనికి నా ఓటు ఉంది.