నవంబరులో నెల్లూరులో అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగుల ప్రదర్శన: తేమ, గోడలు, వార్నిష్

పెన్న ఒడ్డు:
18 కాన్వాసులు, అన్నీ యాక్రిలిక్. పెద్దవి నాలుగడుగుల చదరం, కొన్నిటి మీద ప్యాలెట్ నైఫ్‌తో (రంగు పూసే చాకు) వేసిన రంగు పావు అంగుళం మందం ఉంది. రెండు పోయిన నెలలోనే పూర్తయ్యాయి. హాలుకు పాత సున్నం గోడలు, సీలింగు పదడుగులు, మేకు కొట్టనివ్వరు. కావలి నుంచి టాటా ఏస్‌లో తేవాలి. వేలాడదీయడం ఎట్లా? వానల్లో కాన్వాసు వదులైతే ఏం చేయాలి? వార్నిష్ ఇప్పుడే వేసేయొచ్చా?

సున్నం గోడ:
మేకు వద్దన్నారంటే మీకు మేలే చేశారు. పాత సున్నంలో మేకు నిలవదు, పెచ్చుతో సహా ఊడొస్తుంది. షామియానా వాళ్ల దగ్గర ఇనప పైపు ఫ్రేములు అద్దెకు తీసుకోండి. ఎనిమిదడుగుల ఎత్తులో అడ్డపైపు, కాళ్ల మీద ఇసక బస్తాలు. వెనక తెర మెరుపులేని తెల్లగుడ్డ అయితేనే వేయండి. పెళ్లిళ్ల శాటిన్ వేస్తే రంగులన్నీ దాని ముందు వెలవెలబోతాయి.

ఒక్కో కాన్వాసుకు వెనక రెండు డి-రింగులు (D ఆకారంలో ఉండే తగిలింపు రింగులు), రెండు స్టీలు తీగలు నిలువుగా. ఒకే తీగైతే జనం తగిలినప్పుడల్లా పక్కకు ఒరుగుతుంది. నైలాన్ దారం సాగుతుంది, వద్దు. రింగులు పైఅంచుకు ఆరంగుళాల దిగువనే ఉండాలి. ఇంకా కిందికి పోతే బొమ్మ ముందుకు వాలుతుంది.

ఎత్తు లెక్క: బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాలు. నలభై ఎనిమిది అంగుళాల కాన్వాసుకు 57+24−6, అంటే రింగు 75 దగ్గర రావాలి. ఇరవై అడుగుల వరసలో పెద్దవి మూడే పెట్టండి, అటూ ఇటూ మధ్యలో రెండేసి అడుగుల ఖాళీ వస్తుంది. 18 అన్నీ ఇరికించొద్దు. పన్నెండు చాలు, మిగతావి అడిగినవాళ్లకు లోపల చూపించండి.

కొత్తపట్నం గాలి:
వార్నిష్ ఇప్పుడు వద్దు. మందపాటి యాక్రిలిక్ పైన ఆరినట్టే ఉంటుంది గానీ లోపల నీరు పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పైన మూత వేస్తే ఆ నీరు చిక్కుకుని పాలపొరలా మసక కడుతుంది. ముసురులో వేస్తే పాతవాటికీ ఆ మసక వస్తుంది. సంక్రాంతి దాటి పొడి వాతావరణం వచ్చాక చూసుకోండి. ప్రదర్శనకు వార్నిష్ లేకపోయినా నష్టం లేదు.

కాన్వాసు వదులైందని వాన సాయంత్రం వెనక చెక్క చట్రం (స్ట్రెచర్) మూలల్లో బిగింపు చీలలు కొట్టేయకండి. తేమకూ వేడికీ మెత్తబడ్డ పొర ఏసీలో మళ్లీ బిగుసుకుంటుంది. అప్పటికే చీలలు కొట్టి ఉంటే మూలల దగ్గర రంగు పగులుతుంది. ఏసీ నాలుగు గంటలు నడిచాక చూసి, అప్పటికీ వదులుంటే ఒక్కో చీలను చిన్నగా తట్టండి. వెనక నీళ్లు చల్లే పద్ధతి దండగ, ఆరగానే మళ్లీ మొదటికొస్తుంది. నాలుగడుగుల స్ట్రెచర్‌కు మధ్యలో అడ్డపట్టీ లేకపోతే మాత్రం ఎన్ని తట్టినా లాభం లేదు, చెక్కే వంగుతుంది.

ఏస్‌లో నిలబెట్టే తేవాలి, పడుకోబెట్టొద్దు. మూలలకు అట్టపెట్టె ముక్కలు మడిచి తొడిగితే ముఖానికి ఏదీ తగలదు. టార్పాలిన్ పైనే కాదు, కింద కూడా.

పెన్న ఒడ్డు:
కొన్నిటికి ఇప్పటికే బబుల్ ర్యాప్ చుట్టేశారు, బుడగలు రంగువైపే ఉన్నాయి. ఎట్లా విప్పాలి?

కొత్తపట్నం గాలి:
వేడి మీద లాగొద్దన్నా. ఏసీ గదిలో మూడు నాలుగు గంటలు చల్లబడనివ్వండి, రంగు కాస్త గట్టిపడుతుంది. తర్వాత ర్యాప్‌ను పైకి ఎత్తకుండా, వెనక్కి మడుస్తూ కాన్వాసుకు సమాంతరంగా నెమ్మదిగా లాగండి. ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ ఆపి ఇంకో వైపు నుంచి మొదలుపెట్టండి. గుండ్రటి అచ్చులు పడి ఉంటే వేళ్లతో రుద్దొద్దు. మళ్లీ చుట్టేటప్పుడు ముందు సిలికాన్ పూసిన కాగితం, దాని మీద బుడగలు బయటికి ఉండేట్టు ర్యాప్.

లైటు మనిషి:
స్పాట్‌లైట్లు బొమ్మకు మూడడుగుల ముందు సీలింగుకు పెట్టించండి. మీ ఎత్తుకు కాంతి నిలువుగీతతో సుమారు 30 డిగ్రీల కోణంలో పడుతుంది. ఇంకా దగ్గరైతే నైఫ్ గీతల నీడలు పొడుగై అసలు రంగు కనపడదు. సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్న బల్బులే అడగండి. మామూలువాటిలో ఎరుపులు చచ్చిపోతాయి.

ఇంకోటి, ప్రతి కాన్వాసు వెనక పైకి బాణం గీసి, పేరు, సంవత్సరం, కొలత (ముందు ఎత్తు, తర్వాత వెడల్పు) రాయండి. 1961లో న్యూయార్క్ మోమా మ్యూజియంలో ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ బొమ్మ ‘లె బాతో’ 47 రోజులు తలకిందులుగా వేలాడింది. రేపు మీ బొమ్మలు తగిలించేది షామియానా కుర్రాళ్లు.