అప్‌డేట్: జీపు వెనక బ్రేకు డ్రమ్ము ఊడొచ్చింది

పాత మహీంద్రా జీపు వెనక హబ్బు (చక్రం బిగించే నడిమి ముక్క) ఇరుసుకు కరుసుకపోయింది, రెండు కాళ్ల పుల్లర్ (గుంజి ఊడదీసే పనిముట్టు) పెడితే డ్రమ్ము అంచు విరిగింది అని మొన్న అడిగిన గదా. వచ్చేసిందన్నా!

మిర్యాలగూడలో రైస్‌మిల్లు షాఫ్టులు చేసే లేత్ షాపుకు పోయిన. పుల్లీలు గుంజుడు ఆయనకు రోజూ పనే. 16 మి.మీ. ఇనుప ప్లేటుకు చక్రం స్టడ్ల (చక్రం నట్లు ఎక్కే బోల్టుల) లెక్కన 5 బెజ్జాలు కొట్టి, నడుమ మందం నట్టు వెల్డింగ్ పెట్టి, పెద్ద బోల్టు ఎక్కించిండు. ప్లేటును స్టడ్లకు బిగించి ఆ బోల్టు తిప్పితే అది ఇరుసు కొసను నూకుతది, హబ్బు బయటికొస్తది. గుంజుడంతా స్టడ్ల మీదనే, డ్రమ్ము అంచు మీద బరువే పడదు.

ఇరుసు నట్టు మాత్రం పూర్తిగా తీయలే, కొసకు ఉంచిన. టేపర్ ఇరుసు (కొసకు సన్నబడేది), వదిలిందంటే హబ్బు గుండులెక్క మీదికొస్తది.

బోల్టు బిగించుడు, తల మీద సుత్తెతోని ఒక్కటి వేసుడు, మళ్ల బిగించుడు. సాయంత్రం దాకా కదలలే. బిగువుతోనే ఇడిచిపెట్టి పన్నం. తెల్లారగట్ల ఠప్పుమని సప్పుడు. టైరు పేలిందని మా అవ్వ ఉరికొచ్చింది.

గ్యాసు మంట పెట్టుమన్నరు కొందరు. ఆయిల్ సీలు (ఆయిలు కారకుండ ఆపే రింగు) కాలుతదని పెట్టలే.

ఇగ ఎడమ పక్కది ఉన్నది. దాని స్టడ్ల మరలు ఉల్టా, ఆ నట్లు వేరే దొరకబట్టాలె.