డిగ్రీ ప్రోగ్రాముల సమీక్ష: ఖర్చును దేనితో భాగించాలి?

శాఖాధిపతి: ఒక్కొక్క ప్రోగ్రాం ఖర్చును అందులో చేరిన విద్యార్థుల సంఖ్యతో భాగించి, తలసరి ఖర్చు ఎక్కువ తేలినవాటిని ఎత్తివేయాలని మా విశ్వవిద్యాలయంలో ప్రతిపాదన వచ్చింది. తత్వశాస్త్రంలో 12 మందే ఉన్నందున జాబితాలో ముందు అదే ఉంది. ఇటువంటి సమీక్షలు జరిపినవారు తమ అనుభవం చెప్పగలరు.

పద్దుల అధికారి: ఆ లెక్కలో హారమే తప్పండి. మీ తత్వశాస్త్ర అధ్యాపకులు ఆ 12 మందికే బోధిస్తున్నారా, వైద్యం, న్యాయం, ఇంజనీరింగ్ విద్యార్థులకు తర్కం, నీతిశాస్త్రం కూడా వారే చెబుతున్నారా అన్నది ముందు తేల్చుకోండి. మా దగ్గర జీతాలన్నీ మాతృశాఖ పద్దులో పడేవి గానీ, ఇతర శాఖల వారికి చెప్పిన పాఠాలు ఎవరి ఖాతాలోనూ కనిపించేవి కావు. 3 క్రెడిట్ల కోర్సును 200 మంది తీసుకుంటే అది 600 విద్యార్థి క్రెడిట్ గంటలు. 12 మంది తీసుకుంటే 36 మాత్రమే. ఇలా శాఖ మొత్తం బోధనను ఈ గంటల్లో కూడి, ఖర్చును ఆ మొత్తంతో భాగించేసరికి, ఖరీదైనదని పేరుపడ్డ శాఖ ఒకటి చవకైనవాటి సరసన చేరింది. అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయం 1992లో ప్రారంభించిన వ్యయ అధ్యయనం కూడా ఈ కొలతనే వాడుతూ, ఒక శాఖను ఇతర సంస్థల్లోని అదే శాఖతో పోలుస్తుంది. ప్రయోగశాలలున్న రసాయనశాస్త్రాన్ని చరిత్రతో పోల్చి ప్రయోజనం లేదు కదా.

సమీక్షా సంఘం సభ్యురాలు: ఎత్తివేస్తే ఏ బిల్లు ఆగుతుందో కూడా అడగండి. శాశ్వత అధ్యాపకుల జీతాలు, భవనం, గ్రంథాలయం అలాగే ఉంటాయి, చేరినవారికి చదువు పూర్తయ్యేదాకా తరగతులు నడపక తప్పదు, రావలసిన ఫీజులు మాత్రం పోతాయి.

నాణ్యతా విభాగం: ఖర్చు సరే, నాణ్యత మాటేమిటి? ఇంగ్లాండులో ఉన్నత విద్యను నియంత్రించే ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్ 2022లో పూర్తికాల తొలి డిగ్రీలకు కనీస హద్దులు పెట్టింది: 80 శాతం మంది చదువు కొనసాగించాలి, 75 శాతం మంది పూర్తి చేయాలి, 60 శాతం మంది తగిన ఉద్యోగానికో పైచదువుకో వెళ్లాలి. ఇవి పనికొచ్చే అంకెలే గానీ, చేరేనాటికే ఆ విద్యార్థులు ఎంత సిద్ధంగా ఉన్నారన్నదానిమీద కూడా ఆధారపడతాయి. అందుకే మేము చివరి ఏడాది ప్రాజెక్టు నివేదికల్లో ఎక్కువ, మధ్యస్థ, తక్కువ మార్కులవాటిని కొన్ని తీసి, మార్కులు కనబడకుండా బయటి పరీక్షకులకు ఇస్తాము. ఒకసారి 80 మార్కుల నివేదికలో పట్టికలు నిండుగా ఉన్నా, కొలతల్లో దోషం ఎంతో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. 55 మార్కులు వచ్చిన నివేదికలో ఆ చర్చ రెండు పేజీలు ఉంది. ఉత్తీర్ణత శాతంలో ఇది ఎన్నటికీ బయటపడేది కాదు.

శాఖాధిపతి: అయితే నిజంగా మిగులు ఎక్కడ దొరుకుతుంది?

పద్దుల అధికారి: మాకు ఒకే గణాంకశాస్త్ర పాఠాన్ని మూడు శాఖలు సగం నిండని తరగతుల్లో విడివిడిగా చెబుతున్న చోట దొరికింది. వాటిని కలిపినందుకు శాఖల మధ్య తగవులైతే వచ్చాయి గానీ, ఒక్క ప్రోగ్రామునూ మూయవలసిన అవసరం రాలేదు.